ఓపిక ఉన్నవారికి ఏసీ

కొత్తగట్టులో కారు నడపడం వచ్చిన ఆడవాళ్లలో ముప్పాతిక మందికి స్టీరింగు పట్టించింది కనకవల్లే. పదకొండేళ్లలో ఆవిడ నేర్పేటప్పుడు కార్లు రెండు ప్రహరీ గోడల్ని, ఒక పాలబూత్‌నీ, పెళ్లి ఊరేగింపులో పోతున్న ఒక బ్యాండు డోలునీ గుద్దాయి. ఆయా సమయాల్లో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో ఆవిడ ఇప్పటికీ బయటపెట్టదు. గుద్దిన ప్రతిసారీ ఆవిడ అన్న మాట ఒకటే. "పర్లేదమ్మా, ఇప్పుడు వెనక్కి రావడం నేర్చుకుందాం."

ఇంతటి మనిషికి ఓపిక ఉందో లేదో తేల్చడానికి ఒక ప్రభుత్వ శాఖ నాలుగు నెలలు రెక్కలు ముక్కలు చేసుకుంది. ఆ కష్టం ఎవరికీ తెలియకుండా పోతే పాపం కదా, అందుకని చెబుతున్నాను.

గేర్లంటే భయపడేవాళ్ల కోసం కనకవల్లి నిరుడు చిన్న ఎలక్ట్రిక్ కారు కొంది. ఊళ్లో గేర్లు లేని బండి మీద నేర్పేది ఆవిడొక్కతే. సాయంత్రం క్లాసులయ్యాక కారుని పెరటి కిటికీ దగ్గర నిలిపేది. వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకి, అదే సాకెట్లో కారు ప్లగ్గు పెట్టేది. తెల్లారి పళ్లు తోముకునే వేళకి బండి నిండి ఉండేది. తన ఇంటికొచ్చే కరెంటు పేరేమిటో తెలుసుకోవాలన్న కోరిక ఆవిడకి ఎన్నడూ కలగలేదు.

అంతలో ఊళ్లో విద్యుత్ వాహన చైతన్య పక్షోత్సవాలు జరిగాయి. రెండు వందల పెట్రోలు మోటారు సైకిళ్లతో ర్యాలీ తీశారు. స్టాళ్లు పెట్టారు. ఇంట్లో పెట్టుకునే ఛార్జర్లు రెండు రకాలనీ, ఏసీది చిన్నదనీ డీసీది పెద్దదనీ జనానికి అప్పుడే తెలిసింది. పెద్దది ఉండగా చిన్నది ఎవడికి కావాలి? వారం తిరక్కుండా మూడు వందల మంది డీసీకి దరఖాస్తు పెట్టుకున్నారు. అందులో కార్లున్నవాళ్లు పంతొమ్మిది మంది. కలప అడితి ఆయనొకడు ఎవరికీ చెప్పకుండా డీసీ మిషను తెప్పించి బిగించుకుంటే, వాళ్ల వీధి ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. ఎంచుకునే పని జనానికి వదిలితే లాభం లేదని పైవాళ్లు అప్పటికప్పుడు ఒక కొత్త శాఖ పెట్టారు. దాని పేరు గృహ ఛార్జింగ్ నిర్ణయ విభాగం.

శాఖ అన్నాక నిబంధనలు ఉండాలి. నిబంధనలు రాయడానికి ఆఫీసులో దొరికిన ఏకైక ఆధారం స్టాల్లో పంచిన ఒక రంగుల కరపత్రం. "ఓపిక ఉన్నవారికి ఏసీ, తొందర ఉన్నవారికి డీసీ" అని దాని మీద ఉంది. ఏసీకి రాత్రంతా పడుతుంది, డీసీకి గంట చాలు అని చెప్పడం కరపత్రం రాసినవాడి ఉద్దేశం. టైపిస్టు ఆ వాక్యాన్ని యథాతథంగా "అర్హతలు" అన్న శీర్షిక కింద కొట్టాడు. దాని కింద గుమాస్తా పొట్టి సంతకం పెట్టాడు. సూపరింటెండెంటు "చూచితిని" అని రాశాడు. పైఅధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేశాడు. ఆకుపచ్చ సిరా పడ్డాక ఆ వాక్యానికి అర్థమేమిటని అడిగే హక్కు భూమ్మీద ఎవరికీ ఉండదు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఏసీ కోరువారు తమకు ఓపిక కలదనియు, డీసీ కోరువారు తమకు తొందర కలదనియు శాఖ వారి నుండి ధ్రువపత్రము పొందవలెను. పొందువరకు గృహమునందు వాహన ఛార్జింగు నిషిద్ధము.

జూన్ మొదటి వారంలో లైన్‌మన్ సూరిబాబు లక్కా, కొవ్వొత్తీ పట్టుకుని కనకవల్లి ఇంటికొచ్చాడు.

"ఏమనుకోకండి మేడంగారూ, మీ సాకెట్టుకి సీలెయ్యమన్నారండి" అన్నాడు మొహం వేలాడేసుకుని.

"ఇన్నాళ్లూ బానే నిండుతోంది కదయ్యా. అసలిది ఏసీనా, డీసీనా?"

"ఏసీయేనండి. గోడలోంచి వచ్చేది ఎప్పుడూ ఏసీయే. బ్యాటరీకి కావల్సింది డీసీ అండి. మార్చే పెట్టె మీ బండిలోనే ఉంది, అది నిమ్మళంగా మార్చుకుంటాది. డీసీ మిషనైతే బయటే మార్చేసి ఒక్కసారే కుమ్మరిస్తాదన్నమాట. బీరువా అంతుంటాదండి. దానికి ట్రాన్స్‌ఫార్మరు విడిగా ఏయించుకోవాలి. ఇళ్లకి ఇదే సుఖవండి."

"అయితే నాకు ఏసీయే కావాలి. ఎంచేసుకున్నాను. ఇంక సీలెందుకు?"

"మీరు ఎంచుకుంటే అవ్వదండి. మీరు ఎలాంటి మనిషో ఆళ్లు తేల్చాలండి" అని సూరిబాబు లక్క కరిగించి సాకెట్టు మీద ముద్ర గుద్దాడు.

ఆ రోజు నుంచీ కనకవల్లికి కష్టాలు మొదలయ్యాయి. ఛార్జింగు కావాలంటే బైపాస్ రోడ్డులో ఉన్న స్టేషన్‌కి పోవాలి. అక్కడ ఉన్నది ఒకటే మిషను. క్యూలో మూడు గంటలు నిలబడితే ఆ పూట క్లాసు గల్లంతు. వారానికి ఆరు క్లాసులు రెండయ్యాయి. పద్నాలుగు మంది శిష్యురాళ్లలో ఎనిమిది మంది మానేశారు.

మిగిలినవాళ్లలో నసీమా ఉంది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. ప్రసూతి ఆసుపత్రి వాళ్లు గర్భిణుల్ని తీసుకొచ్చే కొత్త వ్యానుకి ఆడ డ్రైవరునే పెట్టుకుంటామన్నారు. అదీ గేర్లు లేని బండే. అక్టోబరు పన్నెండు సోమవారం నాటికి లైసెన్సు చూపిస్తే ఉద్యోగం నసీమాది, లేకపోతే వేరే ఎవరిదో.

"అక్కా, అప్పటికి నాకు వచ్చేస్తదంటావా?" అని నసీమా రోజూ అడిగేది.

"ఎందుకు రాదు? బండి కదలాలే గానీ" అనేది కనకవల్లి. ఆ మాట అన్నప్పుడల్లా లక్క సీలు కళ్ల ముందు మెదిలేది.

కనకవల్లి నిర్ణయ విభాగానికి వెళ్లింది. ఓపిక దరఖాస్తు మూడు ప్రతుల్లో ఇవ్వాలన్నారు. ప్రశ్నలు ఇరవై ఆరు. పాలు తోడుపెట్టాక మూత తీసి ఎన్నిసార్లు చూస్తారు? సీరియల్ అయ్యేదాకా లేవకుండా కూర్చోగలరా? కుటుంబ సభ్యుల సగటు ఓపిక ఎంత? ఈ చివరి ప్రశ్నకి కనకవల్లి "ఒంటరి మనిషిని" అని రాసింది.

"అలా కుదరదమ్మా, సగటు తీయాలంటే కనీసం ఇద్దరుండాలి" అన్నాడు గుమాస్తా.

"మా కుక్క ఉంది. గేటు తీసేదాకా కూర్చునే ఉంటుంది."

గుమాస్తా కాసేపు ఆలోచించి కుక్కని నమోదు చేసుకున్నాడు.

ఆ తర్వాత హాల్లో వేచి ఉండే పరీక్ష. మూడు రోజులు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు బల్ల మీద కూర్చోవాలి. పేపర్లూ ఫోన్లూ నిషిద్ధం, ఎందుకంటే అవి కాలక్షేపం కిందికి వస్తాయి. చదవనిచ్చేది శాఖ వారి నిబంధనల పుస్తకం ఒక్కటే. అది చదివితే కాలక్షేపం కాదని శాఖ వారికీ తెలుసు. కనకవల్లి మూడు రోజుల్లో దాన్ని అట్ట నుంచి అట్ట దాకా నాలుగుసార్లు చదివింది.

హాల్లో రెండో వైపు తొందర అభ్యర్థులు. వాళ్ల పని మరీ అన్యాయం. కలప అడితి ఆయన తొందర ధ్రువపత్రం కోసం ఉదయం నుంచీ క్యూలో నిలబడ్డాడు. తీరా కౌంటరు దగ్గరికి వచ్చాక, "మీరు నాలుగు గంటలు నిలబడ్డారు కాబట్టి మీకు తొందర లేదు" అని తిరస్కరించారు. ఆయన బల్ల గుద్ది అరిచాడు. అలా ముందే అరిచి ఉంటే పరిశీలించేవాళ్లమని గుమాస్తా నిజంగానే బాధపడ్డాడు.

ఆఫీసుకి ఎదురుగా ఒక కోచింగ్ సెంటరు వెలిసింది. ఓపిక నేర్పడానికి పది రోజుల క్రాష్ కోర్సు, తొందర నేర్పడానికి ఆరు నెలల కోర్సు.

ఆగస్టులో ప్రత్యక్ష పరిశీలన వచ్చింది. అభ్యర్థి వృత్తిలో ఓపిక ఎలా ఉందో కళ్లారా చూడటానికి నిర్ణయాధికారి ఆకొండి త్రివిక్రమరావు స్వయంగా విచ్చేశారు. నిబంధనల పుస్తకం రాసినది ఆయనే. పచ్చి మంచినీళ్లు అడగాలన్నా "దాహము విషయమై" అని మొదలుపెట్టే మనిషి.

"తమరి బోధనా విధానమును వెనుక సీటు నందుండి అవలోకించెదను. నా ఉనికిని విస్మరించవలసినది" అని కారెక్కి కూర్చున్నారు.

స్టీరింగు ముందు నసీమా. అప్పటికి పది రోజులుగా క్లాసు లేక చెయ్యి తప్పింది. మార్కెట్ మలుపులో బండి రోడ్డొదిలి బడ్డీ కొట్టు మెట్ల వైపు తిరిగింది.

"అమ్మా! ఆపు! ఆపండి! నాకు పిల్లలున్నారు!" అని వెనక సీట్లోంచి కేక.

కనకవల్లి తన వైపున్న బ్రేకు నొక్కింది. బండి మెట్టుకి జానెడు దూరంలో ఆగింది. "పర్లేదమ్మా, ఇప్పుడు వెనక్కి రావడం నేర్చుకుందాం" అంది.

త్రివిక్రమరావు గారు రుమాలుతో మొహం తుడుచుకుని మార్కులు వేశారు. వందకి తొంభై ఎనిమిది. బ్రేకు నొక్కుటలో తొందర కనబడినందున రెండు మార్కులు కోత.

ఇంక వచ్చేస్తుందనుకుంది కనకవల్లి. సెప్టెంబరులో అడిగితే ఫైలు పరిశీలనలో ఉందన్నారు. మళ్లీ అడిగితే, ఇలా పదే పదే అడగడం ఓపికకి విరుద్ధమనీ, మార్కులు తగ్గే ప్రమాదముందనీ గుమాస్తా గొంతు తగ్గించి హెచ్చరించాడు. పాపం, మంచివాడే. ఆవిడ అడగడం మానేసింది. ఇంటికొచ్చి ఆ సాయంత్రం కారులో ఒక్కతే కూర్చుని కాసేపు ఏడ్చింది. పాలబూత్ గుద్దిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు.

అక్టోబరు వచ్చింది. నసీమా డ్రైవింగు పరీక్ష పదో తారీఖు శనివారం పొద్దున పదింటికి. పరీక్ష మైదానం పన్నెండు కిలోమీటర్లు. తప్పితే మళ్లీ తేదీ నలభై రోజుల తర్వాతే. గురువారం నాడు బైపాస్ స్టేషన్‌లో ఉన్న ఆ ఒక్క మిషనూ చెడిపోయింది. శుక్రవారం పొద్దున కనకవల్లి కారులో మిగిలిన ఛార్జింగు నాలుగు శాతం.

"సీలు పీకేద్దాం అక్కా. ఏం చేస్తారు?" అంది నసీమా.

"మీటరు కట్ చేస్తారు. క్లాసులు మూసుకోవాలి. పదహారో నిబంధన" అంది కనకవల్లి.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని బండి కేసి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు శాఖ వారి కొత్త ఎలక్ట్రిక్ కారు మెల్లగా, మరీ మెల్లగా వచ్చి, గేటు ముందు ఆగింది. ఆపింది డ్రైవింగు సీట్లో ఉన్న త్రివిక్రమరావు గారు కాదు, దానంతట అదే ఆగింది. వెనకే సైకిలు మీద సూరిబాబు సీళ్ల రిజిస్టరు పట్టుకుని వచ్చాడు.

అధికారి గారు దిగి, కవరులోంచి ఉత్తర్వు తీసి, గొంతు సవరించుకుని చదివారు.

"అభ్యర్థిని గత నాలుగు మాసములుగా గృహ ఛార్జింగు లేకయే ఎట్టి ఆందోళనయు లేకుండ వేచియుండినట్లు రుజువైనది. ఇందువలన అభ్యర్థినికి అపారమగు ఓపిక కలదని నిర్ధారించడమైనది. ఛార్జరు లేకయే వేచియుండగల వ్యక్తికి ఛార్జరు అవసరము లేదు కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది." చదివి, కళ్లజోడు పైనుంచి చూశారు. "తమకు నా వ్యక్తిగత అభినందనలు. జిల్లాలో ప్రథమ స్థానము తమదే."

నసీమా నోరు తెరిచింది. కనకవల్లి ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. ఉత్తర్వు అందుకుని సంతకం పెట్టింది. లోపల ఎంత మండుతోందో ఆ సంతకం వంకరలు చూస్తే తెలుస్తుంది.

త్రివిక్రమరావు గారు వెళ్లి కారెక్కారు. కారు కదల్లేదు. మళ్లీ దిగారు.

"సూరిబాబూ, వాహనము విషయమై..."

"చార్జింగు అయిపోయిందండి. బైపాసులో మిషను చెడిపోయింది కదండీ."

"మన కార్యాలయమునకు ఛార్జరు లేదా?"

"లేదండి. మన ఆఫీసుకి ఓపికుందో తొందరుందో ఇంకా తేలలేదండి. సబ్ కమిటీలో ఉంది."

పన్నెండు గంటలకి చీఫ్ ఇంజినీరు గారితో సమావేశం. ఆటోలో పోదామంటే, ప్రభుత్వ వాహనాన్ని ప్రైవేటు ఇంటి ముందు వదిలి అధికారి వెళ్లరాదన్నది తొమ్మిదో నిబంధన. రాసినది ఆయనే. అధికారి గారు చెమటలు కక్కుతూ పెరటి కిటికీ వైపు చూశారు.

"అచ్చట ఒక సాకెట్టు ఉండవలెను గదా?"

"ఉందండీ. తమరి సీలు కింద ఉంది" అంది కనకవల్లి.

"సీలు విప్పు అధికారము నాకు కలదు. ఒక చాకు ఇప్పించండి."

నసీమా తన సంచిలోంచి జాకెట్లు కత్తిరించే కత్తెర తీసి ఇచ్చింది. త్రివిక్రమరావు గారు స్వహస్తాలతో లక్క గీకి సీలు విప్పేశారు. సూరిబాబు అలవాటు ప్రకారం రిజిస్టరు ముందు పెట్టాడు. ఆయన అలవాటు ప్రకారం సంతకం చేసి తేదీ వేశారు. ఆకుపచ్చ సిరా.

"పదకొండో నిబంధనండీ" అంది కనకవల్లి వినయంగా. "నిర్ణయాధికారి స్వయముగా సీలు విప్పినచో ఆ గృహమునకు ఏసీ అనుమతి మంజూరైనట్లే భావించవలెను. అంతకు ముందరి ఉత్తర్వులన్నీ రద్దు."

అధికారి గారు రిజిస్టరు వైపు చూశారు. ఆకుపచ్చ సిరా వైపు చూశారు. ఆయన మొహం బడ్డీ కొట్టు మెట్ల దగ్గర ఎలా ఉందో అలాగే అయింది.

"పర్లేదు సార్" అంది కనకవల్లి. "ఇప్పుడు వెనక్కి రావడం నేర్చుకుందాం."

ఆయన రిజిస్టరు మూసి సూరిబాబు చేతికిచ్చారు. "సరి, సరి. ముందు నా వాహనమునకు ప్లగ్గు పెట్టించండి" అన్నారు.

"పద్నాలుగో నిబంధనండీ. ఒకే సాకెట్టు కొరకు రెండు వాహనములు వేచియున్నచో ముందుగా ఇన్‌వర్డ్ రిజిస్టరు నందు నమోదైనదానికి ప్రాధాన్యము. మాది జూన్ నాలుగున ఇన్‌వర్డ్ అయింది." అని కనకవల్లి తన కారు ప్లగ్గు తీసుకెళ్లి సాకెట్లో పెట్టింది. నాలుగు నెలల తర్వాత ఆ పెరట్లో కారు మీద పచ్చ దీపం వెలిగింది. నసీమా ఆ దీపాన్ని చూస్తూ చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎంత సమయము పట్టును?" అన్నారు త్రివిక్రమరావు గారు నీరసంగా.

"ఏసీ కదండీ. ఐదింటికల్లా అవుతుంది. కుర్చీ వేయిస్తాను, మజ్జిగ పుచ్చుకోండి." ఆ తర్వాత ఆవిడ లోపలికెళ్లి, దరఖాస్తుతో పాటు శాఖ వారిచ్చిన పరిశీలన ఫారాల్లో మిగిలిపోయినది ఒకటి తెచ్చి నసీమా చేతికిచ్చింది. "వేచియుండు ప్రతి వ్యక్తి ప్రవర్తననూ అరగంటకొకసారి నమోదు చేయాలమ్మా. ఎనిమిదో నిబంధన."

పేపరు ఇవ్వమని ఆయన అడిగారు. కాలక్షేపం కిందికి వస్తుందని నసీమా ఇవ్వలేదు. మధ్యాహ్నం భోజనం మాత్రం పెట్టారు. వంకాయ కూర బాగుందని ఆయన మామూలు తెలుగులో చెప్పారు.

మర్నాడు పదింటికి నసీమా పరీక్షలో బండిని ముందుకీ వెనక్కీ కూడా చక్కగా తిప్పింది. వెనక్కి రావడం మరీ బాగుందని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు. సోమవారం నుంచి ఆసుపత్రి వ్యాను ఆమె చేతిలో ఉంది.

నసీమా నింపిన ఫారాన్ని కనకవల్లి రిజిస్టర్డ్ పోస్టులో శాఖకి పంపింది. గడియారం చూచుట యాభై మూడు సార్లు, నిట్టూర్పులు ఇరవై, గేటు వరకు పోయి వచ్చుట పద్దెనిమిది. మార్కులు వందకి పదకొండు. నిర్ణయాధికారి ఓపికే అంతైతే శాఖకి తొందర ఉన్నట్టేనని సబ్ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించి, ఆఫీసుకి డీసీ మిషను మంజూరు చేసింది.

బీరువా అంత మిషను వచ్చి వరండాలో కూర్చుంది. దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు కోసం ఫైలు పెట్టారు. అది వచ్చేదాకా శాఖ వారి కారు వారానికి రెండుసార్లు కనకవల్లి పెరటి కిటికీ దగ్గరికి వచ్చి ఆగుతోంది. త్రివిక్రమరావు గారు అదే కుర్చీలో కూర్చుంటారు. మొన్న వచ్చినప్పుడు మూడు గంటల్లో గడియారం రెండుసార్లే చూశారట. బాగా మెరుగుపడ్డారని కనకవల్లి సంతోషించింది.